సుగుణక్క కొసరు

కొత్త మిరపకాయల ఘాటు సోకితే నాకు తుమ్ముల కంటే ముందు సుగుణక్క గుర్తొస్తుంది. ఈ ఉదయం మా జనగామ దవాఖానలో, మందుల కిటికీ ముందు, ఆ ఘాటు గుప్పుమంది. వరుసలో నిలబడ్డవాళ్లు తుమ్ముకుంటూ వెనక్కి తిరిగి చూశారు. మంగిలి నిలబడి ఉంది, నెత్తి మీద చిన్న మూటతో. మిర్చి ఏరుడు అయిపోయాక టేకుమట్ల నుంచి మహబూబాబాద్ దగ్గరి తన తండాకు పోవాల్సిన మనిషి, ఏటా చుట్టు తిరిగి జనగామ వచ్చి ఆ మూట నా బల్ల మీద పెట్టి పోతుంది. మందులిచ్చే చోట మిరపకాయలేమిటని నేను కసురుకుంటాను. ఆమె నవ్వుతుంది. మూట మాత్రం వెనక్కి పోదు.

సుగుణక్క మా దవాఖానకు పెద్ద నర్సు. తక్కువ ఖర్చుతో పరీక్షలు చేసి మందులిచ్చే ట్రస్టు దవాఖాన మాది. అక్క పుట్టింది ఇదే ఊళ్లో, కిరాణా షావుకార్ల ఇంట్లో. నర్సు చదువుతానన్నప్పుడు షావుకారు బిడ్డ సూదులేసుకుంట తిరుగుతదట అని బజారంతా నవ్విందట. తర్వాత ఆ నవ్వినవాళ్లకే ఆమె సూదులు వేసింది. కాస్త గట్టిగానే వేసి ఉంటుందని నా అనుమానం. దుకాణం వదిలి వచ్చినా దుకాణం బుద్ధి మాత్రం ఆమెను వదల్లేదు. రోగులను గిరాకి అనేది. ఆ మాట వింటే మా డాక్టరు గారు మొహం చిట్లించేవారు. మందులు మధ్యలో మానేసినవాళ్లను ఎవరైనా తిట్టబోతే, గిరాకి మళ్లీ రాలేదంటే తప్పు దుకాణానిది అని నోరు మూయించేది.

తూకం అయ్యాక గుప్పెడు కొసరు వేయడం వాళ్ల నాయన అలవాటు. అక్క అలవాటూ అదే. పరీక్ష అయిపోయి, మందులు తీసుకుని, మనిషి గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచి, "ఇంకేమన్న ఉన్నదా?" అనేది. అప్పుడిక కోడలి సంగతి, బర్రె సంగతి, పొలం గట్టు తగాదా అన్నీ బయటికొచ్చేవి. నేను ఫార్మసీ చదువు ముగించి లింగాల ఘనపూర్ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చినదాన్ని. వరుస చకచకా కదలకపోతే నాకు ఒళ్లు మండేది. ఇది దవాఖానా, రచ్చబండా అని ఒకసారి గట్టిగానే అడిగాను. అక్కకు కోపం రాలేదు.

"లోపల డాక్టరు అడిగింది చెప్తరు పిల్లా. చెప్పాలె అనుకున్నది గడప కాడనే నోట్లెకెల్లి వస్తది" అన్నది.

ఆ మాట నిజమని మంగిలి వల్ల తెలిసింది. నెలకోసారి మా వ్యాను ఆమె తండాకు వెళ్లేది. బడి వరండాలో చూసేవాళ్లం. ఒకసారి మంగిలి తోటి కూలీలతో కలిసి వచ్చింది. తలనొప్పి అన్నది, మాత్రలిచ్చాను. మిగతా ఆడవాళ్లు మెట్లు దిగి ముందుకు నడిచారు. అక్క మామూలుగా అడిగే మాట అడిగింది. మంగిలి వాళ్లు ఎంత దూరం పోయారో చూసుకుని, వెనక్కి వచ్చి, కొంగు తొలగించి ముంజేయి చూపింది. కాలిన పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

"మూర్ఛ వస్తదమ్మా. పొయ్యి కాడ పడ్డ. మేస్త్రికి ఎరుకైతే మిర్చికి తోలుకపోడు" అన్నది.

ఇంతకుముందు పట్నంలో మందు వాడిందట. నెమ్మదించింది కదా అని మానేసిందట. ఆ ఏడు మిర్చి కూలి తప్ప వాళ్లింటికి మరో ఆధారం లేదు. గుంపంతటికీ వండేది కూడా ఆమే. డాక్టరు గారు మళ్లీ లోపలికి పిలిచి చూశారు, మందు మొదలుపెట్టి, ఒక్క పూట కూడా మానొద్దని చెప్పారు. చెప్పడం తేలికే. నేను నెలకు సరిపడా మాత్రలు ఇవ్వగలను. వారం తిరిగేసరికి ఆమె టేకుమట్లలో ఉంటుంది, ఏరుడు అయ్యేదాకా తిరిగి రాదు. నెల దాటాక ఎవరిస్తారు? అక్కడ మందు అయిపోతే మళ్లీ పొయ్యి ముందే పడుతుంది.

టేకుమట్ల ఉన్న భూపాలపల్లి జిల్లా మన పరిధిలోకి రాదని ట్రస్టు పెద్దలు అన్నారు. అన్యాయమైన మాటేమీ కాదు, వ్యానుకు డీజిలు ఊరికే రాదు. అక్క పెద్దగా వాదించలేదు. గిరాకి ఊరు మారినప్పుడు దుకాణం ఒక్క చోట కూర్చుంటే నడుస్తుందా అని అడిగి, వాళ్లు సరే అనేదాకా లేవకుండా అక్కడే కూర్చుంది. మరుసటి నెల వ్యాను టేకుమట్లకు బయలుదేరింది. నేనూ వెళ్లాను.

కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. దిగీదిగగానే మేమంతా తుమ్మడం మొదలుపెట్టాం. కూలీల గుంపును తోలుకొచ్చిన మేస్త్రి మా పక్కనే నిలబడ్డాడు. అతని కళ్ల ముందు మంగిలికి మందు ఎలా ఇవ్వాలి? అక్క కల్లం అంచున చాప పరిచి, పాత పేపరు చింపి పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. అందరికీ బీపీ చూశాం. చేతుల మంటకు పూత మందు, ఒళ్లు నొప్పులకు మాత్రలు, మంగిలి మందు, అన్నీ ఒకే తీరు పొట్లాల్లోకి వెళ్లాయి. షావుకారు బిడ్డ కట్టిన పొట్లం, విప్పితే తప్ప లోపల ఏముందో దేవుడికి కూడా తెలియదు.

మేస్త్రికి బీపీ బాగా ఎక్కువగా ఉంది. అతనికీ ఒక పొట్లం దక్కింది. మేం వ్యాను ఎక్కుతుంటే వెనకాలే వచ్చాడు. అక్క అడిగేది అడిగింది. అతను అటూ ఇటూ చూసి, "నాకు బీపీ ఉన్నదని మావోళ్లకు జర చెప్పకుండ్రి అక్కా" అన్నాడు. దూరం నుంచి చూస్తున్న మంగిలి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ ఏరుడు అయ్యేదాకా వ్యాను వెళ్తూనే ఉంది. మంగిలి పొయ్యి దగ్గర పడలేదు.

సాయంత్రం దవాఖాన షట్టరు దించాక అక్క నన్నూ వదిలేది కాదు. ఇంకేమన్న ఉన్నదా అని అడిగేది. నేను బస్సు తొందరలో ఏం లేదక్కా అనేసి పరుగెత్తేదాన్ని. మా నాయన మంచాన పడ్డ రోజుల్లో ఒకసారి ఆ మాటే అనబోయి ఏడ్చేశాను. అక్క ధైర్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. దించిన షట్టరును మళ్లీ సగం దాకా ఎత్తి, నన్ను లోపలికి తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. నా జీవితంలో నాకు జరిగిన వైద్యాలన్నిటిలో నాకు బాగా పనిచేసింది అదే.

పోయిన ఏడు అక్క పోయింది. ఇప్పుడు ఇంకేమన్న ఉన్నదా అని నేను అడుగుతున్నాను. వరుస ఆగిపోతుంది, వెనకవాళ్లు విసుక్కుంటారు, నాకూ లోపల తొందరగానే ఉంటుంది. అయినా అడగకుండా ఒక్కరిని కూడా గడప దాటనివ్వను.

ఇవాళ మంగిలి మందులు తీసుకుని చెప్పులు వేసుకుంటుంటే ఆమెనూ అడిగాను. ఏం లేదన్నది. ఒక మెట్టు దిగి, ఆగి, నా వైపు తిరిగింది.

"నీకేమన్న ఉన్నదా, మందులక్కా?"

అక్క పోయాక నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఏం లేదందామని నోరు తెరిచాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి వరుసలో ఉన్నవాళ్లు మిరపకాయల ఘాటనుకున్నారు. మంగిలి అలా అనుకోలేదు. చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వచ్చింది.