అన్న గదిలో బొండాలు

పోయినవి కూడితే: నా ఒంట్లో తొమ్మిది కిలోలు, ఎడమకాలి వేళ్లలో స్పర్శ, ఏడాదిన్నర నిద్ర. వాటన్నిటికంటే ముందు మా అన్న.

అన్న కిడ్నీలతో పోయాడు. మా ఉద్దానంలో ఊరూరా ఆ జబ్బే, ఆ మాటకు వివరం అక్కర్లేదు. ఇక్కడ ఒంట్లో ఎలా ఉందని అడగరు, రక్తపరీక్షలో క్రియాటిన్ ఎంతని అడుగుతారు. జబ్బు మొదట్లో ఆయన రాత్రుళ్లు మాటిమాటికీ ఒంటికి లేచేవాడు. గోడకు ఇవతల పడుకున్న నాకు ఆయన తలుపు గొళ్లెం చప్పుడు వినబడేది.

ఆయన పోయిన రెండో ఏడు నేనూ లేవడం మొదలుపెట్టాను. రాత్రికి నాలుగైదుసార్లు. నాలుక పిడచకట్టుకుపోయేది. పలాసలో జీడిపిక్కలు తూచేవాణ్ణి నేను. నాకు లెక్క బడిలో కాదు, కాటా దగ్గర వచ్చింది. నేను లేచినవి అన్న లేచినవాటితో సరిపోల్చుకున్నాను. నా వంతు వచ్చిందనుకున్నాను. ఆ క్రియాటిన్ అంకె వినలేక పరీక్షకు వెళ్లలేదు.

ఈ జబ్బు మా బోరునీళ్లవల్లేనని అందరికీ అనుమానం. అందుకని దాహమేసినప్పుడల్లా అన్న గదిలోకి వెళ్లేవాణ్ణి. ఆయన పోయాక అందులో కొబ్బరిబొండాలు పోసుకునేవాళ్లం. మంచం మాత్రం అక్కడే ఉండేది. కిడ్నీలకు మంచిదని, ఆ మంచం అంచున కూర్చుని, రాత్రికి మూడు బొండాలు తాగేవాణ్ణి. తాగినకొద్దీ లేచేవాణ్ణి. లేచినకొద్దీ తాగేవాణ్ణి.

"ఏటి, మళ్లీ లెగిసినావా?" అనేది నా భార్య.

"కుక్క అరిసింది. సూసొచ్చాను."

"నీకు తప్ప ఎవులికీ ఇనబడని కుక్క!"

ఒక పొద్దున పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో, నేను రాత్రి పోసిన చోట, చీమలు బారులు తీరడం ఆమె చూసింది. "నీ కుక్క తీపి పోత్తంది బావా," అని నవ్వబోయి, నవ్వలేక, ఆ పూటే నన్ను పలాస తీసుకెళ్లింది.

"కిడ్నీలు ఇప్పటికి బాగానే ఉన్నాయి. సుగర్ నాలుగు వందలు దాటింది," అన్నాడు డాక్టరు. "సుగర్ నిద్రను చెడగొడుతుంది. నిద్ర చాలకపోతే సుగర్ సరిగా దిగదు. ఇలాగే వదిలేస్తే ఆ కిడ్నీలూ దెబ్బతింటాయి."

బొండాల సంగతి నా భార్యే చెప్పింది. వాటిలోనూ చక్కెరే, వెంటనే మానెయ్యమన్నాడు డాక్టరు.

బొండాలు మానేశాను. మందులతో సుగర్ చాలావరకు దిగింది, దాహం పోయింది. ఇప్పుడు ఒక్కసారే మెలకువ వస్తుంది, అదీ అవసరమై కాదు. అది అన్న మొదటిసారి లేచే వేళ. గది ఖాళీ చేశాం, గొళ్లెం ఊడదీయించాను. అయినా గోడవైపు చెవి పెట్టి పడుకుంటాను.

"కుక్కేనా?" అంటుంది ఆమె మగతలోనే.

"అదే. నువ్వు తొంగో."

అలాంటి రాత్రి తెల్లారి వేలు పొడిచి చూసుకుంటే సుగర్ అంకె కొంచెం పైనే ఉంటుంది. ఏడు గంటలు నిద్రపొమ్మన్నాడు డాక్టరు. ఐదు జమపడుతున్నాయి. రాత్రికి రెండు గంటలు ఇవాళ్టికీ బాకీ.