హన్నమ్మ నీళ్లు పోసిన గుంతలు

బాలస్వామి సైకిలు మీద ఎప్పుడూ రెండు చిన్న మట్టికుండలుంటాయి. అడుగు చెమర్చే కుండలవి. లోపల మైలతుత్తం నీళ్లు, ఒక రాగి కడ్డీ. నంద్యాలలో రైతులకు భూగర్భజలాలు చూసిపెట్టే ప్రేమ్ సాగర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా అతని పని ఆ కుండల్ని నేలలో పాతడం, వాటి మధ్య తీగ లాగడం. ఒక కుండ ఒకచోటే ఉంటుంది. రెండోది గుంత గుంతకూ మారుతుంది. నేల కింద నీళ్లు రాళ్ల సందుల్లో నడిచేటప్పుడు పుట్టే పిసరంత కరెంటును మీటరు అంకెల్లో చూపిస్తుంది.

బాలస్వామి చదివింది ఐదో తరగతే. మిగతాదంతా అడిగి అడిగి నేర్చుకున్నది. ఒకరోజు ప్రేమ్ సాగర్ ఫోనులో ఒక ఫొటో చూపించాడు. పొగ కక్కే కొండ వాలులో ఎవరో ఇలాంటి కుండనే పాతుతున్నారు.

“నిప్పుకొండలో నీళ్లుంటాయా సార్?”

“ఉంటాయన్నా. లోపలి వేడికి పైకి ఎగదన్నుతాయి. ఆ నడక మారితే కరెంటూ మారుతుంది. పక్కన పెట్టిన అయస్కాంతపు మీటరుకు కూడా ఒక్కోసారి తెలుస్తుంది.”

ఆనాటి నుంచి బాలస్వామి ఆ కుండలను చంటిబిడ్డకు నీళ్లు పోసినంత మెల్లగా కడిగేవాడు.

ఈ వేసవిలో అవి ఆళ్లగడ్డ పక్కన చెల్లెలు హన్నమ్మ చేనికి వెళ్లాయి. అక్కడ రెండు బోర్లు ఎండిపోయాయి. నలభై నిమ్మచెట్లు ఆకు ముడుచుకున్నాయి. ఇంకొక్క బోరు వేయించగలదు ఆమె. అదీ తప్పితే చెట్లు కొట్టేయడమే. బాలస్వామి సాయంత్రమే వెళ్లి వరుసగా పన్నెండు గుంతలు తవ్వి పెట్టాడు.

మర్నాడు పన్నెండో గుంతలో అంకె ఎగిరింది. ప్రేమ్ సాగర్ సంబరంగా బోరు లారీకి ఫోను చేయబోయాడు. బాలస్వామి మాత్రం మీటరు దగ్గర నుంచి లేవలేదు. అంకె మెల్లగా దిగుతోంది.

“సార్, కింద పారే నీళ్లైతే అంకె ఇట్ల దిగదు. రవ్వంత ఆగండి.”

కుండ ఎత్తి గుంతలో చెయ్యి పెట్టాడు. బురద.

“మ్మే హన్నమ్మా! నీళ్లు పోసినావా?”

“పోసినా. తెల్లార్తూనే గుంతకొక చెంబు. మొక్క పాతేముందు పొయ్యమా ఏంది? బిందెలో మిగిలింది ఆ చివరి దాంట్లో కుమ్మరిచ్చినా.”

“అది మొక్కనా మ్మే?”

“నువ్వు ఎత్తుకోని తిరిగేది చూస్తే బిడ్డ మాదిరి ఉండాది. దప్పికైతాదేమో అనుకున్యా.” ఆమె మొహం వాడిపోయింది. “చెడగొట్టినానా అన్నా?”

ప్రేమ్ సాగర్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. బాలస్వామికి నవ్వు రాలేదు. ఊరి కొళాయి నుంచి మోసుకొచ్చిన నీళ్లవి. ఎండిపోతున్న చెట్లకు తగ్గించి, అన్న కుండలకని పోసింది.

“చెడలేదులే. పోసిన నీళ్లు ఇంకేటప్పుడు గూడా అంకె లేస్తాది. నేల ఆరాల, అంతే. నాలుగు దినాలు ఆగుదాం.”

లారీని అప్పుడే పిలవలేదు. ఆ నాలుగు రోజులూ హన్నమ్మ బిందె ఎత్తుకుని గుంతలకు దూరంగా, గట్టు చుట్టూ తిరిగి నడిచింది.

ఐదో రోజు పన్నెండో గుంతలో ఏమీ లేదు. ఏడో గుంతలో అంకె చిన్నదే, గంటసేపు చూసినా కదల్లేదు.

“తప్పైనా కావచ్చన్నా,” అన్నాడు ప్రేమ్ సాగర్.

“కావచ్చు సార్. కానీ ఒకే మాట మీద నిలబడుండాది.”

అక్కడే వేశారు. రెండు వందల పది అడుగుల దగ్గర దుమ్ము అణిగింది, తడి మట్టి లేచింది. ఆ వెనకే రెండంగుళాల నీళ్లు.

హన్నమ్మ మొదటి చెంబు నింపుకుని చెట్ల దగ్గరికి పోలేదు. సైకిలు పక్కన నిలబడింది.

“ఇప్పుడు పొయ్యొచ్చా అన్నా?”

బాలస్వామి కుండలు రెండూ దించి, కడగడానికి గొంతు కూర్చున్నాడు.

“పోయ్ మ్మే.”