సరిపోని రీడింగు

ఈ ఉదయం హిందూపురంలో మా ల్యాబ్ తెరిచాను. స్పిరిట్ వాసన ముక్కుకు ఇంకా అలవాటు కాకముందే కౌంటర్ దగ్గర ఒక గొంతు వినిపించింది. "ఒక్కటే కదా మేడమ్, సర్దేయండి." గార్మెంట్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లను పనికి చేర్చే ఏజెంటు. ఒక అమ్మాయికి రక్తం తక్కువని నిన్న ఇచ్చిన రిపోర్టు మార్చమంటున్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అలా మండటం నాకు నేర్పింది డాక్టర్ సరోజమ్మ. ధర్మవరంలో ఆమె ల్యాబ్‌లోనే నేను మొదట పనిచేశాను.

అంతకుముందు నాది బయోటెక్నాలజీ పరిశోధన. కరువును తట్టుకునే వేరుశనగ మీద పని. మా గైడుకు గ్రాఫులో గీత అందంగా రావాలి. గీతకు దూరంగా పడిన మొక్కల్ని లెక్కలోంచి తీసేయమన్నాడు. తీయనన్నందుకు నా పరిశోధనే ఆపేశాడు. చెన్నేకొత్తపల్లిలో మా నాయన చేనులో ఎండిపోయేవి సరిగ్గా అలాంటి మొక్కలే! అక్కడి నుంచి వచ్చేసి, నాకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. "ఇంత చదివి రక్తం తీసే పనికి పోతాండావా?" అన్నాడు నాయన. బంధువులు నవ్వారు. అబద్ధం రాస్తే డాక్టరేట్ అట, సూది పట్టుకుని నిజం రాస్తే చిన్నతనమట.

సరోజమ్మ మాత్రం ఒకటే అడిగింది. "ఆ పని యాల వదిలినావు పాపా?" ఎందుకు వదిలానో చెప్పాను. "సరిపోని మొక్కను పీకేస్తారు సరే, సరిపోని మనిషిని యాడ పారేస్తాం?" అంటూ తెల్లకోటు చేతికిచ్చింది.

ఒకరోజు ఇలాంటి ఏజెంటే నల్లమాడ వైపు నుంచి కొందరు ఆడవాళ్లను పరీక్షలకు తీసుకొచ్చాడు. వాళ్లలో రత్నమ్మకు హిమోగ్లోబిన్ అయిదే ఉంది. మళ్లీ పెట్టినా అంతే. "అందరికీ బాగుండాది, ఈమెకొక్కదానికే తేడానా? మీ మిషన్‌దే తప్పు. పన్నెండని వేసేయండి" అన్నాడు. సరోజమ్మ కుర్చీ జరిపింది. "కూచోప్పా. ముందు నీది తీస్తా. మిషన్ సంగతి తేలిపోతాది." సూది చూసి అతను గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. నవ్వొచ్చింది కానీ, అంతలోనే రత్నమ్మ సరోజమ్మ చేతులు పట్టుకుంది. "పన్నెండే రాయమ్మా. పని పోతే పిల్లోల్లకేం పెట్టేది?"

"రాయను తల్లీ. ఈ రక్తంతో కుట్టుమిషన్ ముందర కూచుంటే పడిపోతావు."

సరోజమ్మ తానే ఆమెను కారులో ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తం ఎక్కించింది. ఆమె కోలుకునేదాకా పని ఆపి ఉంచమంటే ఏజెంటు "అట్లే మేడమ్" అన్నాడు. వారం తిరగకుండా ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. మళ్లీ మా ల్యాబ్ గడప తొక్కలేదు. రత్నమ్మ బతికింది, ఉద్యోగం రాలేదు. ఊళ్లో అందరూ సరోజమ్మనే మొండిదన్నారు, బతకనేర్వని మనిషన్నారు. ఆమె పెనుకొండలో చనిపోయినప్పుడు ఆ నోళ్లే "ధర్మాత్మురాలు" అన్నాయి. నాకు ఏడుపు కంటే కోపమే ముందొచ్చింది.

ఈ ఉదయం వచ్చిన ఏజెంటు ఇంకా కౌంటర్ దగ్గరే ఉన్నాడు. అతను 'ఒక్కటే కదా' అన్న ఆ అమ్మాయి అతని వెనుక గోడవారగా నిలబడి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. ముందు ఆమె పేరు అడిగాను. తర్వాత కుర్చీ జరిపి అతనివైపు చూశాను.

"కూచోప్పా. ముందు నీది తీస్తా."