నీళ్ల తొట్టెలో మోగిన గంట

దయ్యాల మాటెత్తితే పడీపడీ నవ్వేదాన్ని. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం నాది. చీకటి గదుల్లో ఒక్కదాన్నే ఏళ్ల తరబడి పనిచేశాను. ఈ ఒక్క అనుభవం తప్ప, నాకెప్పుడూ ఏదీ కనబడలేదు, వినబడలేదు.

ఎనభైల మొదట్లో మేం న్యూజెర్సీలో ఉండేవాళ్లం. మా ఊరి నదిలో కొత్త రేవు కోసం తవ్వుతుంటే పాత ఓడ ఒకటి బయటపడింది. ఊరి మ్యూజియం నడిపే మార్గరెట్, అది అమెరికా స్వాతంత్ర్య పోరాటం నాటి యుద్ధనౌక అంది. రేవు కట్టేవాళ్లు ఉత్త సరుకుల పడవేనన్నారు. రుజువు దొరక్కపోతే దాన్ని పూడ్చేస్తారు.

అందులో దొరికిన వస్తువులు తుప్పూ ఇసుకా గడ్డకట్టి బండరాళ్లలా ఉండేవి. వాటిని నీళ్ల తొట్టెల్లో ఉంచారు. లోపలేముందో ఎక్స్‌రే తీసి చూద్దామని, ఒక ఆదివారం మధ్యాహ్నానికి మా ఆసుపత్రిలో అనుమతి తీసుకున్నాను. మా వ్యాన్‌లో ఒక్క రాయే పడుతుంది. ఏది తీసుకెళ్లాలి?

తొట్టెల మధ్య నడుస్తుంటే గంట మోగింది. ఠంగ్ ఠంగ్ అని జంటగా, కాస్త ఆగి మళ్లీ జంటగా. మూలనున్న తొట్టెలోంచి. అందులో నీళ్లు మాత్రం కదల్లేదు.

"ఏవండీ, గంట విన్నారా?" అని మా ఆయన్ని అడిగాను.

"గంటేంటి సుశీలా? చర్చ్ నుంచి స్ట్రెయిట్‌గా వచ్చేశాం, లంచ్ కూడా స్కిప్ చేశావ్. చెవులు గింగురుమంటున్నాయేమో!"

మార్గరెట్‌కీ వినబడలేదట. అయినా ఆ తొట్టెలోని రాయే కావాలన్నాను. అన్నిటిలోకీ వికారంగా ఉన్నది అదే. మార్గరెట్ నా ముఖంలోకి చూసి, మారుమాట లేకుండా సరేనంది.

ఫిల్మ్ కడిగి వెలుతురుకి పట్టుకున్నాను. రాతి లోపల గంట! మార్గరెట్ నన్ను వాటేసుకుని గెంతింది.

పైనున్న పెచ్చు ఒలిచాక గంటమీద ఓడ పేరు బయటపడింది: స్టెడ్‌ఫాస్ట్. ఆ పేరు పట్టుకుని వెతికితే నౌకాదళం పాత రికార్డుల్లో దాని చరిత్రంతా దొరికింది. బ్రిటిష్ సరుకు ఓడల్ని పట్టి తెచ్చింది. తుపానులో తెరచాప కొయ్యలు విరిగినా తీరం చేరింది. చివరికి శత్రువులు చుట్టుముడితే, లొంగిపోకుండా సొంత నావికులే దాన్ని మా నదిలో ముంచేశారు.

రేవుని పక్కకు జరిపారు. మార్గరెట్ ఆ చరిత్రంతా మైకులో చదువుతుంటే ఊరు ఊరంతా కేకలు వేసింది. అందరికన్నా గట్టిగా ఈల వేసింది మా ఆయనే.

కానీ ఆ గంటకి నాలుక లేదు. ఎప్పుడో ఊడిపోయింది. లోపలంతా సిమెంటులా గట్టిపడిన బురద. అలాంటిది మోగే ప్రసక్తే లేదు. పైగా ఓడల్లో వేళ తెలియడానికి గంట అలా జంటలు జంటలుగా కొడతారని మార్గరెట్ చెప్పేదాకా నాకు తెలియదు.

కారణం అడిగితే ఈనాటికీ చెప్పలేను. విన్నది మాత్రం నిజం.