ఆయన ముట్టని మాత్ర

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేకపోయాను. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను.

మా ఆయనకు చిక్కడపల్లిలో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. అశోక్‌నగర్‌లో కిరాయికుండేవాళ్ళం. తెలంగాణ గొడవల ఏడాది అది. దుకాణం మూతపడిన రోజులే ఎక్కువ. ఆయన పొద్దున్నే తాగడం మొదలుపెట్టారు. సన్న తీగ పట్టుకుంటే చేతులు వణికేవి. నారాయణగూడలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. పిచ్చి డాక్టరు దగ్గరికా అని చుట్టాలు నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు, తిట్టలేదు. ఆస్పత్రిలో ఉండనక్కర్లేదు, వారం వారం వచ్చి కూర్చుని మాట్లాడి వెళ్ళమన్నారు. తాగుడు మాన్పే మాత్రలిచ్చారు. అవి కడుపులో ఉండగా తాగితే ప్రాణం మీదికొస్తుందని, ఆయనకు తెలియకుండా ఎన్నడూ పెట్టొద్దని నాకు విడిగా చెప్పారు.

మా ఆయన కొన్నాళ్ళు మాత్రలు వేసుకుని మానేశారు, మళ్ళీ తాగసాగారు. నాకు భయం వేసింది. భయమేనా? కోపం కాదూ? ఒక పొద్దున మాత్ర నూరి పప్పులో కలిపాను.

మధ్యాహ్నం తాగి, దుకాణం ముందే కూలిపోయారు. ఎర్రబడిన మొహం, వాంతులు, ఆడని ఊపిరి. కబురందగానే పరుగెత్తాను, పక్క దుకాణంవాళ్ళ సాయంతో రిక్షాలో నారాయణగూడ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన తేరుకున్నాక డాక్టరుగారు అడిగారు:

"మాత్ర ఏసుకొని తాగినవా?"

"ఒట్టు సాబ్. నేను ముట్టలే."

డాక్టరుగారు నా వైపు చూశారు.

"పొద్దుగాల ఏసుకున్నరు సార్. నేను జూసిన," అన్నాను.

మా ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు. "అయితే ఏసుకున్ననేమో. నాకే యాదికి లేదు," అన్నారు.

మళ్ళీ తాగలేదు. వారం వారం వెళ్ళారు, చెప్పినట్టల్లా చేశారు, చేతుల వణుకు పోయింది. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళతో, "తాగుడు నా యాదినే తినేసింది తమ్మీ. ఏసుకున్న మాత్ర ఏసుకోలేదని ఒట్టు పెట్టిన," అనేవారు. పక్కనే కూర్చుని వినేదాన్ని. తన మాట తానే నమ్మలేని మనిషిని చేశాను కదా, ఏ ఒక్కసారైనా నోరు విప్పి ఉంటే ఏం పోయేది?

మంచే జరిగిందని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. జరిగింది డాక్టరుగారి ఓపిక వల్ల, మా ఆయన పట్టుదల వల్ల. వాళ్ళిద్దరి దయవల్లే నాకు సంసారం మిగిలింది, నవ్వుతూ ఇంటికొచ్చే మనిషి మిగిలాడు. రోజూ తలుచుకుని దండం పెట్టుకుంటాను.

ఇద్దరూ ఇప్పుడు లేరు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఎవరో ఒకరి చెవిన పడాలనే చెప్పాను, చెప్పాక ఊపిరి ఆడుతోంది: ఆ రోజు మా ఆయన నిజమే చెప్పారు.