ఏడున్నర కాళ్ళ సాలీడు

సాలీడును ఫ్రిజ్‌లో పెట్టడం క్రూరత్వం కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హాలిఫాక్స్ ఆసుపత్రిలో మనుషులకు మత్తిచ్చి మళ్ళీ లేపినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. చల్లదనానికి అది కాసేపు మగతగా పడి ఉంటుంది. ఆ కాసేపట్లో భూతద్దం కింద పెట్టి కాళ్ళ మీది పట్టీలు, వీపు మీది మచ్చలు చూసి గీసుకోవచ్చు. ఒళ్ళు వెచ్చబడగానే లేచి తన దారిన తాను పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ సంగతి మా ఆయన తలకెక్కలేదు. తినే తిండి పక్కన పురుగులేమిటని ఆయన గొడవ.

రిటైరయ్యాక నేను పట్టుకున్న పని ఇది. మా ఇంటి దగ్గరి పార్కులో కనిపించే పురుగుల మీద, సాలీళ్ళ మీద ఒక చిన్న గైడ్‌బుక్ వేస్తున్నారు. బొమ్మలు చుట్టుపక్కల వాళ్ళే గీయాలి. నా వంతుకు శిలువ సాలీడు వచ్చింది. వీపు మీద తెల్లటి శిలువ ఆకారంలో చుక్కలుంటాయి కాబట్టి ఆ పేరు. ఎప్పుడో యూరప్ నుంచి ఓడల్లో వచ్చి, ఇక్కడిదే అయిపోయిన జాతి. దానిమీద నాకు కాస్త పక్షపాతం ఉంటే ఎవరూ తప్పుపట్టకూడదు.

నా పట్టుదలకు ఇంకో కారణం ఉంది. కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు చెప్పిన మాటల అర్థం నాకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. వచ్చే ఏడాదికి ఈ చెయ్యి సన్నటి గీత గీయగలదో లేదో తెలియదు. భయం వేసింది. భయం వేసిన కొద్దీ మొండితనం పెరిగింది. ఈ ఒక్క బొమ్మ అచ్చులో చూసుకుని తీరాలనుకున్నాను.

మా పెరటి కంచె మీద దొరికిన ఆడ సాలీడుకు ముందరి కుడికాలు పొట్టిగా ఉంది. పిల్లప్పుడెప్పుడో తెగిపోయి, కుబుసం విడిచినప్పుడు మళ్ళీ మొలిచిన కాలు అది. వీపు వైపు బొమ్మ అలాగే గీసి పంపాను. పుస్తకం పని చూసే అమ్మాయి ఫోన్ చేసింది. పొట్ట వైపు బొమ్మ కూడా సోమవారానికి అందాలని, లేకపోతే నా బొమ్మ తీసేసి ఫొటో వేస్తామని మర్యాదగానే చెప్పింది. వీలైతే ఆ కాలు మామూలుగా గీసేయమని కూడా అంది. చూసిందే గీస్తానన్నాను.

మా ఆయన నవ్వారు. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడట ఒకడు. నీ సాలీడుకు ఏడున్నరా?"

నా సాలీడుకు నిజంగానే ఏడున్నర. ఆ తేడా ఆయనకు చెప్పినా ప్రయోజనం లేదు.

శనివారం మధ్యాహ్నం దాన్ని ఖాళీ పెరుగు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి స్నానానికి వెళ్ళాను. పెరుగు డబ్బా పారేసే తెలుగు ఇల్లు కెనడాలో నేనింకా చూడలేదు. మా ఫ్రిజ్‌లో అదే రకం డబ్బాల్లో పప్పు, గోంగూర పచ్చడి, ఇడ్లీ పిండి ఉంటాయి. ఒకదాంట్లో నిజంగానే పెరుగు ఉంటుంది. నేను వచ్చేసరికి సాలీడు డబ్బా లేదు.

"నీ డార్ట్‌మత్ ఫ్రెండ్ వచ్చి వెళ్ళారు," అన్నారు మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "చలికి వాళ్ళింట్లో పెరుగు తోడుకోవట్లేదట. తోడుకి కొంచెం అడిగితే డబ్బా ఇచ్చేశా. ఎక్కువేం లేదులే, తేలిగ్గానే ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మూత తీసి చూసి ఇవ్వాలన్న ఇంగితం లేదా అని కేకలేశాను. ఆయన టీవీ కట్టేసి కూర్చున్నారు.

ఆవిడకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం ఆవిడే చేసింది.

"వదినగారూ, పాలు గోరువెచ్చగా కాచి పెట్టుకుని మూత తీశానండీ. అన్నయ్యగారు మంచి తోడే ఇచ్చారు."

"చంపేశారా?"

"డబ్బాతో సహా బాల్కనీలోకి విసిరేసి డోర్ లాక్ చేశా. మళ్ళీ తియ్యలేదు."

మర్నాడు పొద్దున్నే అట్ట, కాగితాలు, పెన్సిళ్ళు సంచిలో వేసుకుని, రేవు అవతలి డార్ట్‌మత్‌కు ఫెర్రీ ఎక్కాను. ఖాళీ డబ్బా తప్ప ఇంకేమీ దొరకదని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను.

ఆవిడ కర్టెన్ పక్కకు లాగింది. గాజు తలుపుకు అవతల, రెయిలింగ్‌కీ ప్లాస్టిక్ కుర్చీకీ మధ్య నిండైన సాలెగూడు. నడుమ తలకిందులుగా నా సాలీడు, పొట్ట మా వైపు పెట్టి కూర్చుంది. నేను వెల్లకిలా తిప్పి చూద్దామనుకున్నదంతా పగటి వెలుతురులో అదే చూపిస్తోంది. పొట్టికాలు కూడా ఒక పోగు పట్టుకునే ఉంది. గూట్లో ఏ వైపూ వరసలు తప్పలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కుర్చీ తలుపు దగ్గరికి లాక్కున్నాను. బయట గాలికి గూడు ఊగుతోంది, లోపల వణుకుకు పెన్సిల్ ఊగుతోంది. రెండూ ఆగినప్పుడు ఒక గీత గీసి, మళ్ళీ ఆగేదాకా కూర్చున్నాను. ఆవిడ కాఫీ ఇచ్చి, చల్లారితే మళ్ళీ వేడిచేసి ఇచ్చింది. మధ్యాహ్నానికి పొట్ట మీది తెల్లమచ్చలు, దారం వదిలే బుడిపెలు పూర్తయ్యాయి. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నా భుజం మీంచి వంగి చూసింది.

"ఆ ఒక్క కాలూ కొంచెం పొడుగు చేసెయ్యండి వదినగారూ. ఎవరికి తెలుస్తుంది?"

"అది ఆ కాలుతోనే అల్లిందండీ ఇదంతా," అన్నాను.

 నేను తిరిగి బయల్దేరుతుంటే ఆవిడ తోడు అడిగింది. పొద్దున సంచిలో వేసుకొచ్చిన అసలు పెరుగు డబ్బా, మూత తీసి చూపించి మరీ ఇచ్చాను.

సోమవారం బొమ్మ పంపితే ఆ అమ్మాయి నుంచి జవాబు వచ్చింది. బొమ్మ వేస్తున్నారు. కాలు అలాగే ఉంచి, తెగి మళ్ళీ మొలిచిందని కింద ఒక వాక్యం రాస్తారట. చివర్న ఇంకో చిన్న మాట రాసింది. మూలన నా సంతకం వణికినట్టు వచ్చిందట, నిదానంగా ఇంకొకటి పెట్టి పంపితే మారుస్తారట.

అక్కర్లేదు, అదీ అలాగే వెయ్యండి అని రాశాను.