అరటి మొక్కలు కట్టిన బండి

నా దగ్గర ఏడుగురు పట్టే పెద్ద కారు ఉన్నన్నాళ్లూ నేను మా ఇంటికి నడిచే పోయేవాణ్ణి. హిందూపురంలో మా ఇల్లున్న సందులోకి ఆటో దూరితే ఎదురొచ్చే ఆవు వెనక్కి నడవాలి. అలాంటి సందులోకి ఆ బండి ముక్కు మాత్రం పట్టింది. అద్దాలు మడిచి ఇంకాస్త ముందుకు తోస్తే ఒక పక్క గోడ, ఇంకో పక్క పొరుగింటి అరుగు. అరుగు మీద కూర్చున్న ముసలాయన కాళ్లు ముడుచుకొని, నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏమప్పా, బండిని లోపలికి తెస్తాండావా, సందునే బయటికి తీసకపోతాండావా?" అన్నాడు.

ఆ రోజు నుంచి బండి చింతపండు మండీలో, నేను ఇంట్లో. మండీలోనే నా పని. పొద్దున్నే బండి దాకా నడిచిపోతే చాలు, మళ్లీ బండెక్కాల్సిన పనే ఉండదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. చింతపండు కమీషన్ వ్యాపారం నాకు నోటితోనే నడిచింది. రైతును నవ్విస్తాను, కొనేవాణ్ణి నవ్విస్తాను, ఇద్దరూ నవ్వుతుండగా ధర కుదిర్చేస్తాను. నన్ను చూసి నవ్వడం ఊరికి అలవాటు, నవ్వించడం నాకు అలవాటు. అందుకని ఆ బండి ఎందుకు కొన్నావని అడిగిన ప్రతివాడికీ ఒక్కో జోకు చెప్పి పంపించాను. అసలు కారణం మాత్రం జోకు కాదు.

మా అక్కను ధర్మవరం ఇచ్చాము. మగ్గాలున్న ఇల్లు, పట్టుచీరల వ్యాపారం. వాళ్లు మమ్మల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ నలుగురు మగవాళ్లు చేరినప్పుడు కుర్చీలు వాళ్ల వాళ్లకు సరిపోయేవి, మా వైపు వాళ్లకు వాకిలి పక్కన చాప పరిచేవాళ్లు. చాప మీద కూర్చొని నేను జోకులు చెప్పేవాణ్ణి. కుర్చీల్లో వాళ్లు నవ్వేవాళ్లు. అట్లా చాలా ఏళ్లు గడిచాయి.

బెంగళూరులో ఒక అపార్టుమెంటు కింద ఆ బండిని మొదటిసారి చూశాను. ఒకాయన వాడి అమ్ముతున్నది. నేను తలుపు తీయగానే డ్రైవరు సీటు తనంతట తానే మెల్లగా వెనక్కి జరిగి నాకు చోటిచ్చింది. మా అక్క అత్తగారింట్లో నాకోసం ఎవరూ అట్లా జరగలేదు. మిగతా బేరమంతా ఊరికే. తోలు సీట్లనీ, పైకప్పుకు అద్దమనీ, ముందర ఏదన్నా అడ్డమొస్తే తనంతట తానే బ్రేకు వేసుకుంటుందనీ అమ్మేవాడు చెబుతూనే ఉన్నాడు. నేను ఆ సీటును ఇంకోసారి జరిపించుకొని చూశాను.

కొన్నాక దాని జబ్బులు ఒక్కొక్కటే తెలిశాయి. డీజిలు బండి. దగ్గర దగ్గర తిప్పితే లోపలి ఫిల్టరులో మసి పేరుకుంటుంది, హైవే మీద గట్టిగా తోలితేనే ఆ మసి కాలిపోతుంది అని బెంగళూరు మెకానిక్కు చెప్పాడు. అందుకని పనున్నా లేకపోయినా వారానికొకసారి సోమందేపల్లి దాకా పోయి, హైవే మీద పరుగెత్తించి తీసుకొచ్చేవాణ్ణి. మండీలో హమాలీలు మూటలు దించి నిలబడి, "మేపుకొచ్చినావా అన్నా?" అనేవాళ్లు. "కడుపు నిండినట్టుండాది, ఇప్పుడు పాలిస్తాదా?" అని ఇంకొకడు.

దాని తెర మీద ఏదో ఒకటి ఇంగ్లీషులో రాసుకుంటూ ఉండేది. నేను అక్షరాలు కూడబలుక్కొని మాటగా చేసేలోపల అది చెరిగిపోయేది. పక్కన కూర్చున్నవాళ్లు ఏమని వచ్చిందని అడిగితే, "బెంగళూరు బండి కదా, మనతో మాట్లాడేదానికి సిగ్గుపడతాంది" అనేవాణ్ణి. సిగ్గు దానిది కాదు.

ఇంతలో మా అక్క కూతురికి పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చి పీటల మీద దింపాలి. ఇంకొకరు పక్కన చెయ్యి వేయొచ్చు కానీ, ఎత్తాల్సింది మేనమామే. ఆ పిల్ల గౌను తొడుక్కునే వయసు నుంచీ నేను దాన్ని ఆటపట్టించేవాణ్ణి. "నిన్ను గంపలో మోస్తే నా నడుము పోతాది పాపా, కారులో తెచ్చి పీటల మీద దింపుతా" అనేవాణ్ణి. "గంపే కావాల. కారుకైతే డ్రైవరు చాలు, మామ ఏంటికి?" అనేది.

పెళ్లి పొద్దున్నే. అక్క ముందురోజే రమ్మని ఫోను చేసింది. "ముందురోజు ఏంటికక్కా? నా బండి ఉండాది, తెల్లారి బయలుదేరితే టిఫిను పొద్దుకు ఆడుంటా" అన్నాను. అంతటితో ఊరుకోకుండా, "కల్యాణమండపం ముందర జాగా పెట్టించు. మామూలు జాగా అయితే చాలదు" అన్నాను. అక్క ఆ మాట వాళ్ల ఇంట్లో అందరికీ చెప్పిందట. నాకు కావలసిందీ అదే.

ఆ రోజు తెల్లవారగానే నేనూ నా భార్యా బయలుదేరాము. సోమందేపల్లి దాటి, పెనుకొండ దాకా బండి వెన్నలాగా పోయింది. పెనుకొండలో బస్సులు ఆగేచోట పూల అంగడి కనబడింది. నాకు అక్కడ బుద్ధి పుట్టింది. ఉత్త బండితో పోతే ఏం బాగుంటుంది? చేమంతి దండలు, మామిడాకులు, నిమ్మకాయలు తీసుకొని, రెండు అరటి మొక్కలు కూడా బేరమాడి తెచ్చి, బండి మూతికి అటొకటి ఇటొకటి నార పెట్టి బిగించి కట్టాను. ఆకులు ముందుకు వంగి పందిరిలాగా నిలిచాయి.

నా భార్య లోపలి నుంచే చూస్తూ, "ఇది పెండ్లికొడుకు బండి కాదు. మేనమామకు ఏంటికి అరటి చెట్లు?" అంది.

"తెలీనోళ్లు నన్నే పెండ్లికొడుకు అనుకుంటారులే" అన్నాను.

"తెలిసినోళ్లు ఏమనుకుంటారో అది చూడు" అంది.

నేను ఎక్కి కూర్చున్నాను. సీటు ఎప్పటిలాగే మర్యాదగా జరిగింది. బండి కదిలింది. ఒక గజం కూడా పోకముందే కీచుమని అరిచి, తనంతట తానే బ్రేకు వేసుకొని ఆగిపోయింది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది, ఇంగ్లీషులో. ఆపి, మళ్లీ స్టార్టు చేశాను. మళ్లీ అదే గజం, అదే కీచు. టీ అంగడి దగ్గర నిలబడినవాళ్లు గ్లాసులు పట్టుకొని దగ్గరికొచ్చారు. "బండికి ఈ సంబంధం ఇష్టం లేదేమోనప్పా" అన్నాడు ఒకడు. "కట్నం చాల్లేదేమో అడుగు" అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆ ఎర్రగా వచ్చిందాన్ని కాస్త చదివిపెట్టండి అని వాళ్లలో ఎవర్నన్నా అడగొచ్చు. అంత పెద్ద బండిలో కూర్చొని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. బెంగళూరు మెకానిక్కుకు ఫోను చేస్తే ఎత్తలేదు.

అప్పుడు ధర్మవరం బస్సు వచ్చింది.

ఎక్కడో పోయే బస్సు కాదు. మా ముందరే ఆగింది. కండక్టరు తలుపు పట్టుకొని, "ధర్మవరం, ధర్మవరం" అని నా ముఖం చూసే అరిచాడు. కిటికీలో మా చిన్నాయన కొడుకు కూర్చొని ఉన్నాడు. సోమందేపల్లి దగ్గర వానకు పండే నాలుగు ఎకరాలు చేసుకుంటూ, ఎక్కడికి పోయినా ప్లాస్టిక్ సంచిలో మంచి చొక్కా పెట్టుకొని బస్సులో పోయే మనిషి. ఆ సంచి గురించి నేను చెప్పని జోకు లేదు. వాడు చెయ్యి బయటికి పెట్టి, "రాన్నా, జాగా ఉండాది" అన్నాడు.

నా భార్య పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకొని, పసుపు కుంకుమల తట్ట చంకన పెట్టుకొని దిగేసింది. "పోదాం రా. బండి ఈన్నే ఉంటాది, యాడికి పోతాది?"

నాకు ఆ నిమిషంలో గంప గుర్తు రాలేదు. మండపం ముందర నాకోసం ఆపిన జాగా గుర్తొచ్చింది. బస్టాండులో దిగి, చెమటలు కక్కుతూ నడిచిపోయి, ఆ ఖాళీ జాగా దాటుకొని లోపలికి పోవడం కళ్లకు కట్టింది. కుర్చీల్లో వాళ్ల ముఖాలు కనబడ్డాయి.

"ఐదు నిమిషాల పని. నువ్వు పోతే పో" అన్నాను.

"నేను పోయి గంప మోయాల్నా?" అంది ఆమె.

నేను కిటికీ వైపు చెయ్యి ఊపి, "నువ్వు పదరా, దోవలో నిన్ను దాటుకొని పోతా" అన్నాను. బస్సు పోయింది. నా భార్య మళ్లీ బండెక్కలేదు. టీ అంగడి బల్ల మీద తట్ట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

అక్క ఫోను చేసింది. "యాడుండావురా?"

"దగ్గరికి వచ్చేసినాక్కా."

కాసేపటికి పిల్లే చేసింది. వెనక మేళం వినబడుతోంది. "మామా, గంపకు పసుపు పూసి పెట్టినారు. నీకోసమే చూస్తాండాము." గొంతులో కోపం లేదు, నమ్మకమే ఉంది. "వచ్చేస్తాండా పాపా" అన్నాను.

ఆ మాట అంటూ వెనక్కి తిరిగేసరికి, కొండ వైపు పోతున్న మంద ఒకటి బండి చుట్టూ చేరింది. గొర్రెలు వాటి దోవన అవి పోయాయి, మేకలు ఆగాయి. రెండు మేకలు ముందుకాళ్లు బండి మూతి మీద పెట్టి, అరటి ఆకులు చీల్చి నములుతున్నాయి. ఒకటి చేమంతి దండను మెడలో వేసుకున్నట్టే లాక్కుపోతోంది. మంద వెనక వస్తున్న ఆమె, "బండి మీద ఏంటికి కట్టినావన్నా మేత?" అని నన్నే అడిగింది. మేకల్ని తోలేసరికి మొక్కలు మట్టలతో సహా ఊడి నేల మీద పడ్డాయి. బండిని కాస్త పక్కకు తీద్దామని ఎక్కాను. అది కీచుమనలేదు, ఆగలేదు. ఏమీ ఎరగనట్టు పోయింది. నా భార్య తట్టతో వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

బండిలో ఏ లోపమూ లేదు. ముందర అడ్డమొస్తే ఆగుతుందని అమ్మినవాడు చెప్పనే చెప్పాడు. అడ్డాన్ని బేరమాడి తెచ్చి, నార పెట్టి కట్టింది నేను.

ధర్మవరంలో మండపం ముందర సందు లేకుండా స్కూటర్లు, ఆటోలు. మధ్యలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు పెట్టి, తాడు కట్టి ఆపిన జాగా. ఒక మనిషి పరుగెత్తుకొచ్చి తాడు విప్పాడు. బండి ఆ జాగాలో సరిగ్గా పట్టింది.

లోపల తలంబ్రాలు పోసుకుంటున్నారు. గంప స్తంభానికి ఆనించి ఉంది, ఖాళీగా. మా చిన్నాయన కొడుకు మంచి చొక్కాకు భుజం మీద పసుపు అంటుకొని ఉంది. నన్ను చూసి వాడే తప్పు చేసినట్టు లేచి నిలబడ్డాడు. "చానా సేపు చూసినామన్నా. ముహూర్తం దాటిపోతాదని అయ్యవారు ఆగలేదు." నేను ఏదన్నా నవ్వించే మాట అనాలని చూశాను, రాలేదు. పిల్ల బాసికం కిందినుంచి నన్ను ఒకసారి చూసి, మళ్లీ బియ్యం దోసిలిలోకి తీసుకుంది. అక్క దగ్గరికొచ్చి, "తిన్నావా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్క అత్తగారి వాళ్లు బండిని కిటికీలోంచి చూసినట్టున్నారు. నన్ను ముందు వరసలో సోఫాలో కూర్చోబెట్టి, చల్లని నీళ్ల సీసా చేతికిచ్చారు. నేను ఇన్నేళ్లూ కోరుకున్న చోటు అది. భోజనాలకు పిలిచేదాకా అందులో మెత్తగా దిగబడి కూర్చున్నాను. తలెత్తి ఎవరినీ చూడలేదు.

తరువాత బండి అమ్మకానికి పెట్టాను. కొనేటప్పుడు ఒక్కరోజులో అయిన పని, అమ్మేటప్పుడు నెలల తరబడి కాలేదు. చూసినవాళ్లంతా ఎక్కి కూర్చొని ఫోటోలు తీసుకొని దిగిపోయారు. కర్ణాటక నంబరు, ఇక్కడికి మార్చాలంటే పన్ను కట్టాలి. రిపేరు వస్తే బెంగళూరు పోవాలి. మైలేజీ అడగనే వద్దు. నేను కొనేటప్పుడు వినని మాటలన్నీ వాళ్లు నాకు వివరంగా చెప్పారు. కడకు బత్తలపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. చుట్టూ తిరిగి, ముందర వంగి, జాలీలో ఇరుక్కున్న ఎండిన అరటి నారను వేలితో బయటికి లాగి, "ఇదేందప్పా?" అన్నాడు. "శుభకార్యానికి పోయింది" అన్నాను. "ఏంటికి అమ్ముతాండావు?" "సందులో పట్టదు." రెండూ నిజాలే. నాకెంత నష్టమొచ్చిందో ఇంట్లో నా భార్యకు తెలుసు, అది చాలు.

బండి పోయింది కానీ కథ మిగిలింది. మండీలో ఆ కథ నాకు బాగా అమ్ముడుపోయింది. కీచుమనే శబ్దం చేసి, మేకలాగా ముందుకాళ్లు ఎత్తి చూపిస్తే హమాలీలు మూటల మీద పడి నవ్వేవాళ్లు. ప్రతిసారీ మేక ఒకటి పెరిగేది. అంగడి, టీ గ్లాసులు, మేకల ఆమె అన్న మాట, ఒక్కటీ వదలకుండా చెప్పేవాణ్ణి.

కొత్త జంటను భోజనానికి పిలిచాము. సందులో నడిచి వచ్చారు. తినడాలయ్యాక అల్లుడు, "ఆ మేకల కథ చెప్పు మామా, మా ఇంట్లో అందరూ నవ్వుతాండారు" అన్నాడు. నేను లేచి నిలబడి చెప్పాను. కీచుమన్నాను, గజం నడిచి ఆగాను, అరటాకు నమిలాను. అల్లుడు కళ్లు తుడుచుకున్నాడు. నా భార్య మధ్యలోనే ప్లేట్లు తీసుకొని వంటింట్లోకి పోయింది. పిల్ల కూడా నవ్వింది, నిజంగానే నవ్వింది. నవ్వు ఆగాక చెంగు సర్దుకుంటూ అంది:

"మేకలన్నీ వచ్చినాయి మామా, ఒక్కటీ తప్పలేదు. బస్సే ఈసారి గూడా నీ కథలోకి రాలేదు."